ఆడటం లేదు, ఆడిస్తున్నాను

దుఖాన్,
8 నవంబరు 2024, శుక్రవారం

అక్కయ్యా,

ముందుగా ఒక నమస్కారం. చివర్లో ఇంకోటి పెడతాను, ఎందుకంటే ఉత్తరం చదివాక మొదటిది సరిపోదు.

నువ్వు ఫోను పెట్టేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. "ఆ దిక్కుమాలిన ఆట మానేదాకా నీ గొంతు నా చెవిన పడకూడదు, అమ్మ మీద ఒట్టు" అన్నావు. బావగారి దగ్గర మొర పెట్టుకుంటే ఆయన బాగా ఆలోచించి, "ఒట్టు గొంతు మీదేగా వేసింది, చేతిరాత మీద కాదుగా" అన్నారు. అందుకని ఈ ఉత్తరం. మా కంపెనీ బస్సు నడిపే జహాంగీర్ ప్రతి శనివారం చేపల కోసం మీ అల్ వక్రా హార్బరుకి వస్తాడు. అతని చేతికిచ్చి పంపుతున్నాను. నిజామాబాద్ వాడు, నమ్మకస్తుడు. టిఫిను డబ్బా కూడా తెస్తాడు, ఖాళీగా తిప్పి పంపకు.

అసలు సంగతి. మోకాలు పోయింది కాబట్టి ఇక ఆడనని నీకు మాటిచ్చాను. మాట తప్పలేదక్కయ్యా. నేను ఆడటం లేదు, ఆడిస్తున్నాను. కోచ్‌నయ్యాను.

ఎలాగంటే, మా పాత కోచ్ పెర్త్ వెళ్ళిపోయాడు. కొత్తవాడెవరని మీటింగు పెట్టారు. అందరికీ టీ తెద్దామని నేను లేచి వెళ్ళాను. పన్నెండు కప్పులతో తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. టీకి ఇంత మర్యాదేమిటా అనుకున్నాను. గదిలో లేని మనిషిని ఎన్నుకోవడం వీళ్ళ పద్ధతట.

నీకు ఈ ఆట గురించి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, నువ్వు చెప్పనివ్వలేదు. నేను 2016లో దుఖాన్ వచ్చిన కొత్తలో, పన్నెండో మనిషి తక్కువయ్యాడని మా సెక్షన్‌లో గ్రెగ్ నన్ను లాక్కెళ్ళాడు. ఇది ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు, మనిషిని పట్టి పడెయ్యొచ్చు. నాకు తెలిసింది కబడ్డీ ఒక్కటే. మొదటి మ్యాచ్‌లో బంతి పట్టుకుని కూత పెడుతూ వెళ్ళాను. ఎదుటివాణ్ణి ఒకణ్ణి ముట్టుకుని, గిరుక్కున తిరిగి మన వైపు దాకా పరిగెత్తుకొచ్చి చేతులు పైకెత్తాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంపైరు మాత్రం నాకు ఉబ్బసమనుకుని ఆట ఆపించి అంబులెన్సుని పిలిచాడు.

అక్కణ్ణుంచి ఎనిమిది సీజన్లు, నలభై ఆరు మ్యాచ్‌లు, నాలుగు గోల్స్, రెండు పక్కటెముకలు, ఒక మోకాలు. అదీ ఆటగాడిగా నా చరిత్ర.

మైదానం చివర నాలుగు కర్రలుంటాయి. మధ్య రెండింటి నడుమ తంతే గోలు, ఆరు పాయింట్లు. గురి తప్పి మధ్య కర్రకీ పక్క కర్రకీ నడుమ పోయినా ఒక పాయింటు ఇస్తారు. మా జట్టు పేరు దుఖాన్ లిజర్డ్స్, అంటే ఎడారి ఉడుములన్నమాట. పేరుకు ఉడుములమే గానీ పట్టు మాత్రం లేదు. రెండేళ్ళుగా ఒక్క మ్యాచూ గెలవలేదు.

గ్రెగ్ మా కెప్టెను, క్లబ్బుకి ప్రెసిడెంటు కూడా. ఒక షరతు పెట్టాడు. ఈ సీజన్ ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటైనా గెలిస్తే వచ్చే ఏడూ నేనే కోచ్. ఒక్కటీ గెలవకపోతే పెర్త్ నుంచి సర్టిఫికెట్లున్న మనిషి వస్తాడు.

నవ్వకు. ఈ ఎడారి దేశంలో నన్ను ఇంజనీరు అన్నారు, మిస్టర్ రావు అన్నారు. మొన్న గేటు దగ్గర సెక్యూరిటీ అతను "గుడ్ మార్నింగ్ కోచ్" అన్నాడు. ఆ రోజంతా డ్యూటీ మీద ధ్యాస లేదు. ఇది నాకు కావాలక్కయ్యా.

రెండో నమస్కారం ఇదిగో.

నీ తమ్ముడు
వేణు

*

అల్ వక్రా,
15 నవంబరు 2024

వేణుగోపాలరావు గారికి,

గారు అని రాశానంటే ఏమిటో నీకు తెలుసు.

ఆడటం లేదు, ఆడిస్తున్నావా? మందు తాగనని మాటిచ్చినవాడు బారు తెరిచినట్టుంది. మీ బావ ఇచ్చిన సలహాకి ఆయన సంగతి ఆయనకి వేరేగా చెప్పాను. మూడు రోజులుగా బీరకాయ కూరే.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళ టీచరు సర్వీసు. గురి తప్పినవాడికి ఒక మార్కు వెయ్యడం ఎక్కడా చూడలేదు. లెక్క తప్పు చేసినా ఒక మార్కు వస్తుందని మా తొమ్మిదో తరగతి వాళ్ళకి తెలిసిందంటే నా బతుకు బస్టాండే. పైగా పన్నెండు మంది పెద్ద మగాళ్ళు ఎండలో పడి కోడిగుడ్డు వెంట పరిగెత్తడం, దానికో కోచ్.

ఇక్కడంతా బాగానే ఉంది. కరివేపాకు మొక్క బాల్కనీలో మళ్ళీ చిగురేసింది. మీ బావ ఆరోగ్యం కోసమని పొద్దున్నే బీచికి నడకకి వెళ్తున్నారు. నిన్న నేనూ వెనకాలే వెళ్ళి చూస్తే బెంచీ మీద నిద్రపోతున్నారు.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. ఆ పెర్త్ వాడికి సర్టిఫికెట్లుంటే నీకు ఎమ్.టెక్ లేదూ? వాడొచ్చి నిన్ను పక్కకి జరగమనడమేమిటి? నీ మూకకి చెప్పు, పరీక్షలో తెలిసిన లెక్క ముందు చెయ్యాలి, తెలియని దాని దగ్గర కూర్చుని టైము పోగొట్టుకోకూడదు. ఈ మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

డబ్బాలో కందిపొడి పెట్టాను. ఇది నీ కోచింగుకి మెచ్చి పెట్టింది కాదు. డబ్బా ఖాళీగా పంపడం నాకు అలవాటు లేదు.

నీతో ఇంకా మాట్లాడని
నీ అక్క సావిత్రి

*

దుఖాన్,
29 నవంబరు 2024, సాయంత్రం

అక్కయ్యా,

కందిపొడి మా జట్టులో పొడుగు షేన్ తాగేశాడు. నీళ్ళలో కలుపుకు తాగే ప్రొటీను పొడి అనుకున్నాడు. తాగాక మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు ఆగకుండా పరిగెత్తాడు. నీళ్ళ కోసం.

మొదటి మ్యాచ్ ఎనభై నాలుగు పాయింట్ల తేడాతో పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. ఆ తర్వాత పాత పద్ధతులన్నీ పక్కన పెట్టి నాకు వచ్చింది నేర్పడం మొదలుపెట్టాను. మంగళవారం ప్రాక్టీసులో ఇసుకలో గీత గీసి అందరిచేతా కబడ్డీ ఆడించాను. ఎదుటివాడి నడుము చూడాలి, కళ్ళు చూడకూడదు, పట్టుకుంటే వదలకూడదు. పన్నెండు మంది ఆస్ట్రేలియా వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడుతుంటే పక్క రోడ్డు మీద పోయే కార్లు ఆగాయి. అది మన మంత్రమనుకుంటున్నారు. గ్రెగ్ ఆఫీసులో లిఫ్టు ఎక్కేటప్పుడు కూడా నెమ్మదిగా అనుకుంటున్నాడు.

ఆట నడుస్తుండగా కోచ్ మైదానంలోకి పోకూడదు. ఏదైనా చెప్పాలంటే ఒక మనిషిని పరిగెత్తించాలి. ఆ పని జహాంగీర్‌కి ఇచ్చాను. మనిషి చురుకే గానీ మర్యాద ఎక్కువ. మొన్న షేన్‌ని వెంటనే వెనక్కి రమ్మని పంపిస్తే, అతని దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, "భాయ్, ఖైరియత్? మంచిగున్నరా? సార్ సలాం చెప్పిండు. మీకు తక్లీఫ్ లేకుంటే జర ఎనకకు రమ్మంటుండు" అన్నాడట. షేన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈలోగా వాళ్ళు గోలు కొట్టారు.

ఇవాళ దోహా జట్టుతో రెండో మ్యాచ్. మాది 7.9. వాళ్ళది 7.12. ఏం రాయమంటావు, ఇంతవరకూ వచ్చింది. ఇక ఆపుతాను.

నీ
వేణు

*

అల్ వక్రా,
6 డిసెంబరు 2024

ఒరే వేణూ,

గెలిచావుట్రా!

అంత పెద్ద విషయాన్ని ఆ మూలన ఒక్క వాక్యంలో రాస్తావా? నువ్వెప్పుడూ ఇంతే, పదో తరగతి ఫస్టుక్లాసు కూడా మూడు రోజుల తర్వాత చెప్పావు. నేను రెండుసార్లు చదివి, కాగితం మీద తీసివేసి మరీ చూశాను. 7.9లోంచి 7.12 పోతే 0.78. ముప్పాతికకి పైమాటే! దశాంశాల్లో గెలిచినా గెలుపు గెలుపే. మా పిల్లలు 7.12 పెద్దదని రాసి మార్కులు పోగొట్టుకుంటూంటారు, క్లాసులో నీ స్కోరే ఉదాహరణగా చెప్పాను.

మీ బావ పాలకొల్లు గ్రూపులో పెట్టారు. నరసాపురం పెద్దమ్మ "మన వేణు ఆస్ట్రేలియాని ఓడించాడా?" అని అడిగింది. ఆయన కాదనలేదు. సాయంత్రానికి భీమవరంలో కూడా తెలిసిపోయింది. ఎవరో నీ ఫోటోకి దండ వేసిన బొమ్మ పెడితే, ఆ దండ వేరే సందర్భంలో వేస్తారని నేనే చెప్పి తీయించాను.

ఇక ఆ పెర్త్ వాణ్ణి టిక్కెట్టు కొనుక్కోవద్దని చెప్పు.

ఒట్టు మాత్రం ఒట్టే, ఫోను చెయ్యకు. కానీ నూట యాభై బూందీ లడ్డూలు పంపుతున్నాను. జహాంగీర్ చేపల పెట్టె పక్కన పెడతానన్నాడు. అలా పెడితే కాళ్ళు విరుస్తానని చెప్పాను.

సంతోషంగా
అక్క

*

దుఖాన్,
13 డిసెంబరు 2024

అక్కయ్యా,

లడ్డూలు అందాయి. చేపల వాసన రాలేదు.

ఆ దశాంశాల లెక్క గురించి నీతో ఒకసారి తీరిగ్గా మాట్లాడాలి. ఇప్పుడు కాదు. నువ్వు సంతోషంగా రాసిన ఉత్తరం ఇదొక్కటే, దిండు కింద పెట్టుకున్నాను.

లడ్డూలు ఇవాళ్టి మూడో మ్యాచ్‌లో పంచాను. ప్రతి విరామంలోనూ అందరూ చేతులు చాచి నిలబడుతున్నారు. ఎదుటి జట్టు వాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. మొదటి రెండు భాగాలూ మావాళ్ళు గాలిలో తేలారు. మూడో భాగంలో కడుపులు బరువెక్కి కొందరు కూర్చున్నారు. ఫలితం మళ్ళీ రాస్తాను.

నిన్ను ఒకటి అడగాలని ఉంది. జనవరి 31న ఆఖరి మ్యాచ్, మా దుఖాన్‌లోనే. ఆ రోజు ఆట మొదలయ్యే ముందు పెద్ద బ్యానరు ఎత్తి పట్టుకుంటారు, ఆటగాళ్ళందరూ అందులోంచి పరిగెత్తుకుంటూ మైదానంలోకి వస్తారు. ఈ ఆటలో అది పెద్ద ముచ్చట. ప్రతిసారీ గ్రెగ్ భార్య చేసేది, ఆవిడ సెలవు మీద ఊరికెళ్ళింది. నీ చేతిపని నాకు తెలుసు కదా. కుదిరితే చేస్తావా? కుదరకపోయినా, ఆ రోజు రాకూడదూ? ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

నీ
వేణు

*

అల్ వక్రా,
10 జనవరి 2025

చిరంజీవి వేణుకి,

పరీక్షలు, పేపర్లు దిద్దడం, వీటి మధ్య నెల తిరిగిపోయింది. నువ్వు కూడా రాయలేదు. గెలుపు మీద గెలుపుతో తీరిక లేదేమోలే.

బ్యానరు సంగతి నాకొదిలెయ్. గ్రెగ్ భార్య పోయినేడు చేసిందని నువ్వు పంపిన ఫోటో ఒకటి మీ బావ ఫోనులో చూశాను. ఉత్త కాగితం! గాలి వస్తే ఏమైపోతుంది? చేసే పని నాలుగు కాలాలు ఉండేలా చెయ్యాలి. ఇక్కడ గులాం నబీ అని ఖైమాలు, అంటే ఎడారి గుడారాలు, కుట్టే ఆయన ఉన్నాడు, మీ బావకి నడకలో స్నేహితుడు, అంటే పక్క బెంచీ. మంచి మందం గుడ్డ తీశాడు. ఆరు మీటర్ల పొడుగు, అంచులకి రెండేసి కుట్లు, మూలలకి తాళ్ళు దూర్చడానికి ఇత్తడి కళ్ళు. మధ్యలో తలుపులాగా చీలిక పెట్టించనా అంటే, "చీలిక పెడితే బట్ట బలం పోతది బాజీ, ఇది ఇరవై ఏండ్లు చినగది, నా గ్యారంటీ" అన్నాడు. బాజీ అంటే అక్క అట. సరే, ఎత్తి పట్టుకుంటే కింద నుంచి వంగి వస్తారులే అని ఊరుకున్నాను. పెళ్ళి పందిట్లోకి రావడం లేదూ?

మధ్యలో ఉడుము బొమ్మ నేనే కుట్టాను, జరీతో. మీ బావ మొసలి అన్నారు. కింద "విజయీభవ" అని మన అక్షరాల్లో.

ముందుగా పంపను. నేనే తీసుకొస్తాను. గులాం నబీ కూడా వచ్చి నిలబెడతానన్నాడు.

నీ
అక్క

*

దుఖాన్,
17 జనవరి 2025

అక్కయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

మొదటిది. బ్యానరు కాగితంతోనే చెయ్యాలి. ఆటగాళ్ళు దాని కిందనుంచి రారు. దాన్ని చింపుకుంటూ, పూర్తి వేగంతో, గుండెతో గుద్దుకుని వస్తారు. అదే ముచ్చట. అంత కష్టపడి చేసిందాన్ని చింపుతారని ముందే రాస్తే నువ్వు బాధపడతావని దాటేశాను. నాదే తప్పు. గులాం నబీ గారి గుడ్డ దాచిపెట్టు, దేనికైనా పనికొస్తుంది. కాగితం మీద నాలుగు అక్షరాలు రాసి తెచ్చినా చాలు.

రెండోది. మేం గెలవలేదక్కయ్యా. 7.9 అంటే ఏడు గోల్స్, తొమ్మిది తప్పులు. మొత్తం యాభై ఒకటి. వాళ్ళవి ఏడు గోల్స్, పన్నెండు తప్పులు, యాభై నాలుగు. మూడు పాయింట్లతో ఓడాం. ఆ తర్వాత మూడూ ఓడాం. ఇవాళ్టిది కూడా. ఇక మిగిలింది ఆఖరి మ్యాచ్ ఒక్కటే. అది కూడా పోతే నా కోచింగు అయిపోయినట్టే, పెర్త్ ఆయన అప్పుడే ఇక్కడ ఇళ్ళ సంగతి వాకబు చేస్తున్నాడట.

నరసాపురం పెద్దమ్మకి నువ్వే ఎలాగోలా చెప్పు.

సిగ్గుతో
వేణు

*

అల్ వక్రా,
1 ఫిబ్రవరి 2025

వేణూ,

నీ పోయిన ఉత్తరం నిన్న సాయంత్రం మీ బావ సొరుగులో, పాత బిల్లుల కింద దొరికింది. ఆయన విప్పి చదివి, ఓడిపోయారన్న మాట చూసి, నేను దిగులు పడతానని దాచేశారట. కాగితం సంగతి దాకా ఆయన బుర్ర వెళ్ళనే లేదు. ఇక ఏడాది పొడుగూ బీరకాయే.

నిన్న జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు. మేం వచ్చేసరికి మీరంతా లోపల గదిలో ఉన్నారు, నీ గొంతు వినిపిస్తోంది. "పట్టుకుంటే వదలకండి" అంటున్నావు. గులాం నబీ బ్యానరుని ఎవరినీ పట్టుకోనివ్వలేదు. ఖైమా వేసినట్టే నేలలో మేకులు దిగ్గొట్టి, తాళ్ళు బిగించి, వేలితో వాయించి చూపించాడు. తబలాలా మోగింది. నేను ఎంత గర్వంగా నిలబడ్డానో! తలుపు తెరుచుకుంది. ఆ గ్రెగ్ అరుస్తూ వచ్చాడు, వెనకాల ఆ పొడుగు అబ్బాయి. ఆగుతారనుకున్నాను. వంగుతారనుకున్నాను. నేరుగా ఉడుము మొహానికి గుద్దుకుని, ఎంత వేగంతో వచ్చారో అంత వేగంతో వెనక్కెళ్ళి, వెనకొచ్చేవాళ్ళ మీద పడ్డారు. గ్రెగ్ ముక్కునిండా రక్తం, చెంప మీద నా జరీ కుట్టు అచ్చు. గులాం నబీ ఒక్కడే, "చూసిన్రా బాజీ, ఒక్క కుట్టు ఊడలే" అన్నాడు.

నువ్వు ఆఖర్న వచ్చావు. నన్ను చూశావు. వాళ్ళని లేపడానికి వంగావు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరు పెద్ద ఆటగాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టారు. మొదటి భాగం కూడా చూడలేక మీ బావని లాక్కుని వచ్చేశాను. ఏమైందో ఎవరినీ అడగలేదు, అడిగే మొహం లేదు.

ఒకటి చెప్తాను. ఇన్నాళ్ళూ మనం దాని గురించి మాట్లాడుకోలేదు. ఏలూరులో జిల్లా కబడ్డీ సెలక్షన్ల రోజు నీ గదికి బయట గడియ పెట్టింది నేను. బస్సు వెళ్ళిపోయేదాకా తియ్యలేదు. అంతకు ముందు ఏడు నీ మెడ ఎముక విరిగింది, అమ్మ లేదు, నీకేమైనా అయితే నేను ఎవరికి చెప్పుకోను? అదే సరైన పని అనుకున్నాను. నువ్వు ఇంజనీరువయ్యావు, చూశావా నేనే గెలిచాననుకున్నాను. నువ్వు ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. నిన్న నీ ఆట మళ్ళీ ఆపాను. ఈసారి ఆరు మీటర్ల గుడ్డతో.

సావిత్రి

*

దుఖాన్,
2 ఫిబ్రవరి 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం చూడగానే జహాంగీర్‌ని మళ్ళీ పంపుతున్నాను. చేపలు వద్దు, ఇది ఇచ్చి రా అన్నాను.

నువ్వు వెళ్ళిపోవడం చూశాను గానీ పిలవలేకపోయాను. నీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే పోయినవారం బావగారికి ఫోను చేశాను. "కంగారు పడకు, అంతా నేను చూసుకుంటున్నాను" అన్నారు. ఆయన చూసుకున్నది సొరుగుని అని నాకేం తెలుసు?

ఏమైందంటే. గ్రెగ్ ముక్కులో దూది, షేన్ మణికట్టుకి కట్టు. పది మందే మిగిలారు. పదకొండో మనిషి కోసం చుట్టూ చూస్తే జహాంగీర్ కనిపించాడు. షేన్ జెర్సీ తొడిగాను, మోకాళ్ళ దాకా వచ్చింది. "సార్, నేనేం జెయ్యాలె?" అన్నాడు. "ఆ ఏడో నంబరు వాణ్ణి పట్టుకో" అన్నాను. అంతే. ఆ మనిషి ఎటు తిరిగితే అటు తిరిగాడు, బంతి లేనప్పుడు కూడా వదల్లేదు. అంపైరు మూడుసార్లు హెచ్చరించాడు. ప్రతిసారీ చెయ్యి కలిపి మాఫీ అడిగి మళ్ళీ పట్టుకున్నాడు. అతన్ని చూసి మిగతా పదిమందికి పూనకం వచ్చింది. అందరూ కూత పెడుతూ మీద పడ్డారు. ఎనిమిదేళ్ళుగా ఉడుములని పేరు పెట్టుకున్నాం, ఉడుంపట్టు నిన్నగాక మొన్న చూశాను.

ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది. జహాంగీర్ ఇంకా ఆ ఏడో నంబరు నడుముకి వేలాడుతున్నాడు. "అయిపోయిందా సార్? నాకు ఇనబడలే."

మాది 5.11. వాళ్ళది 6.5. నువ్వు తీసివెయ్యక ముందే చెప్తున్నాను, రెండూ నలభై ఒకటే. సమానం. గెలవలేదు, ఓడలేదు. ఎగరాలో ఏడవాలో ఎవరికీ తెలియక అందరం మైదానంలో అలాగే నిలబడ్డాం.

కానీ షరతు గెలవాలనే. సమానమంటే గెలుపు కాదని గ్రెగ్ అంటున్నాడు, ముక్కులోంచి. శుక్రవారం కమిటీ మీటింగు, ఐదుగురు తేలుస్తారు. నన్ను లోపలికి రానివ్వరు.

ఆ గడియ గురించి. ఆ రోజు నేను తలుపు బాదలేదు, గుర్తుందా? నువ్వు అవతల ఏడుస్తున్నావు, వినిపించింది. కోపం లేదని రాస్తే అబద్ధం. చాలా ఏళ్ళు ఉంది. బ్యానరు మీద మాత్రం లేదు.

నీ
వేణు

*

అల్ వక్రా,
3 ఫిబ్రవరి 2025

వేణూ,

మీటింగు శుక్రవారం ఎన్నింటికి? ఏ గది? జహాంగీర్ ఇక్కడే నిలబడ్డాడు, అతనికి తెలియదట. వెంటనే కనుక్కుని చెప్పమను.

సావిత్రి

*

దుఖాన్,
8 ఫిబ్రవరి 2025

అక్కయ్యా,

నిన్న నువ్వు చంకలో ఫైలు పెట్టుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయావు. తలుపు వేసేశారు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. బావగారు పక్కన కూర్చుని ధైర్యం చెప్తానని వచ్చి నిద్రపోయారు. నలభై నిమిషాలు. లోపల నీ గొంతు ఒక్కటే వినిపిస్తోంది, మాటలు తెలియలేదు. తర్వాత అదీ ఆగిపోయింది. అప్పుడు భయమేసింది.

తలుపు తీసింది నువ్వు. "పద, లోపలికి" అన్నావు. గ్రెగ్ వచ్చి చెయ్యి పట్టుకుని "వచ్చే సీజన్‌కి మంగళవారాలు ఖాళీ ఉంచుకో, కోచ్" అన్నాడు. ఆ పెర్త్ ఆయనకి రానక్కర్లేదని ఉత్తరం కూడా రాసేశారట. నేను అతని చెయ్యి వదలకుండా ఊపుతూనే ఉన్నాను. మళ్ళీ చూసేసరికి నువ్వు కారెక్కుతున్నావు, మీ స్కూల్లో ఏదో పనుందని.

వాళ్ళని అడిగితే ఎవరూ చెప్పడం లేదు. గ్రెగ్ అయితే నీ పేరు చెప్పగానే లేచి నిలబడుతున్నాడు. అక్కయ్యా, లోపల ఏం చెప్పావు?

నీ
వేణు

*

అల్ వక్రా,
10 ఫిబ్రవరి 2025

కోచ్ గారికి,

ఈ గారు కోపంతో కాదు.

ఫైల్లో గ్రాఫు ఉంది. నువ్వు ఎన్ని పాయింట్లతో ఓడావో జహాంగీర్‌ని కనుక్కుని గీశాను. ఎనభై నాలుగు దగ్గర మొదలై సున్నా దగ్గర ఆగింది. "ఈ గీత ఇలాగే పోతే వచ్చే సీజన్‌లో గెలవక తప్పదు, ఇది గణితం" అన్నాను. ఆ గ్రెగ్ శ్రద్ధగా చూసి, "చాలా బాగుంది మేడమ్, కానీ గెలవలేదు కదా" అన్నాడు. మనిషి మంచివాడే. ముక్కు వాచి ఉంది, నేను ఎక్కువ వాదించలేకపోయాను.

అప్పుడు ఫైలు మూసేశాను. నా ఇంగ్లీషు నీకు తెలుసు, లెక్కలకి సరిపోతుంది, మనసులో మాటకి చాలదు. అయినా చెప్పాను. పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి గదిలో పెట్టి గడియ వేశానని. బస్సు వెళ్ళేదాకా తియ్యలేదని. వాడు ఆ తర్వాత నేను చెప్పిన చదువే చదివి, నేను చెప్పిన ఉద్యోగమే చేసి, ఎవరినీ ఏమీ అడగలేదని. ఇన్నేళ్ళకి ఒక్కటి కావాలని నోరు తెరిచి నాకు రాశాడని. నేను చేసిన పని మీరు చెయ్యొద్దని.

ఓటు వెయ్యాలి, కాసేపు బయటికి వెళ్ళండి అన్నారు. వెళ్ళనన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నాను, నా ఎదురుగానే వెయ్యండి అన్నాను. నలుగురు చేతులెత్తారు. గ్రెగ్ ఒక చేత్తో ముక్కు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తాడు.

నీకు ఆ సంగతి చెప్పడానికి అతనే లేచాడు, తలుపు దాకా వెళ్ళాడు. నేను కూర్చోమన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, ఐదుగురూ కూర్చున్నారు. ఆ తలుపు నేనే తియ్యాలని చెప్పాను.

ఒట్టు సంగతి అమ్మతో నేను మాట్లాడుకుంటాను. ఫోను చెయ్యి.

నీ అక్క
సావిత్రి